రెండో పళ్లెం

మొదటిది ఎప్పుడూ పోతుంది.
పదహారు అడుగుల అవతల బుట్టలోకి
పిలిస్తే వచ్చినట్టు పోతుంది.
రెండోదే
సగం దారిలో ఏదో మర్చిపోయినట్టు
తల వంచి బండల మీద పడుతుంది.

రూల్సు పుస్తకంలో దాని పేరు డిస్కు.
మాకు పళ్లెమే.
అంచు చూసి ముబీనా మొదటి రోజే అంది,
"మా ఇంట్లో ఖుబానీ కా మీఠా పెట్టే సాసరంత ఉంది."

ముందు స్ప్రింగు అనుకున్నాం.
తిరుమలేశ్ గీసిన బొమ్మ బాగుంది,
ల్యాబులో ట్యూబులైటు పగిలింది.
రబ్బరు అనుకున్నాం, రెండు రోజుల్లో సాగిపోయింది.
ఆఖరికి చక్రం.

జుమేరాత్ బజార్లో, పొద్దున ఆరింటికి,
తాళాలు, కత్తెరలు, ఒంటి బూట్ల నడుమ
గోనెపట్టా మీద డ్రిల్లు మిషను మోటారు.
"చల్తా?" అని అడిగితే
"భాగ్తా" అన్నాడు ముసలాయన
రెండొందల యాభై జేబులో పెట్టుకుంటూ.

చక్రం ఒక పక్క, వంపు తిరిగిన గోడ ఒక పక్క.
గోడ లోపల హవాయి చెప్పుల రబ్బరు,
నా పాతవే, బొటనవేలి గుంట ఇంకా కనబడుతుంది.
నడుమ సందు
పళ్లెం వెడల్పు కన్నా మూడు మిల్లీమీటర్లు తక్కువ.
నాలుగైతే ఇరుక్కుంటుంది.
రెండైతే మమ్మల్ని వెక్కిరిస్తూ జారుతుంది.
ఆ మూడు కోసం మాకు దసరా సెలవులు పోయాయి.

గోడ కదలదు. చక్రం ఆగదు.
రెంటి మధ్యా దొర్లుకుంటూ పోతుంది పళ్లెం.
చక్రం అంచు వేగంలో సగమే దానికి దక్కేది.
ఎందుకు సగమో బోర్డు మీద లెక్క వేసి చూపించాను,
తిరక్కపోతే గాలిలో బోల్తా కొడుతుందనీ
తిరగడమే దాని నిలకడ అనీ.
లెక్క సరిపోయింది.
రెండో పళ్లెం పడుతూనే ఉంది.

బాలానగర్, రాత్రి తొమ్మిది.
వీరాచారి మామ లేతు ఆపి
చేతులైనా తుడుచుకోకుండా వచ్చాడు.
ఒకటి వేయమన్నాడు. ఇంకోటి వేయమన్నాడు.
పళ్లేల వంక చూడనే లేదు,
తల వాల్చి చక్రం చప్పుడు విన్నాడు.
"మొదటి దానికే ఉన్నదంత పెట్టి కూసుంటున్నది బిడ్డా.
బరువు పెంచు.
ఇచ్చినంక గూడ ఇంత మిగలాలె గద దాని కాడ."

నీలం రంగు ఇనుప పొట్టు సుడులు తిరిగి రాలింది.
కిలో బరువు రింగు, వేడిగానే చేతికిచ్చాడు.
నాలుగొందలన్నాడు. మా దగ్గర మూడొందల అరవై.
అయితే టీ మీరే తాపాలన్నాడు.

మొదటిది బుట్టలో పడింది.
అలవాటు కొద్దీ తిరుమలేశ్ రెండోదానికి వేగం పెంచాడు.
బుట్ట దాటి, షట్టరు దాటి, రోడ్డు దాటి
ఎదురు షెడ్డు రేకుల మీద
టప్ మంది.
కుక్క మొరిగింది. మేం ముగ్గురం ఎగిరి గంతేశాం.

కాటా మీద పెడితే మూడు వందల గ్రాములు ఎక్కువ.
తీగలు కోశాం, మూతలు పీకాం, పలకలకు చిల్లులు పెట్టాం,
ఇంకా రెండు వందల పైనే మిగిలింది.
ముందు భాగాన ప్రిన్సిపాల్ గారిచ్చిన ఇత్తడి ఫలకం,
కాలేజీ పేరు, స్థాపించిన ఏడు, కింద తామరపువ్వు.
ముబీనా ఏమీ అనకుండా స్క్రూలు విప్పింది.
పోటీ అయ్యేదాకా అది తిరుమలేశ్ బ్యాగులో
లంచ్ బాక్సు పక్కన ఉంది.

ఏడో స్థానం మాది.
నాలుగో పళ్లెం ఇరుక్కుంది, ఐదోది వేయనే లేదు.
రెండోది పోతున్నప్పుడు నేను కళ్లు మూసుకున్నాను,
బుట్టలో పడ్డ చప్పుడు మాత్రం విన్నాను.

నిన్న వీరాచారి మామ ఫోన్ చేశాడు.
ఎవరు గెలిచారని అడగలేదు.
"మీ పళ్లెం ఇంకా ఆ రేకుల మీదనే ఉన్నది బిడ్డా.
మొన్నటి వానకు నిండింది.
పావురం ఒకటి రోజూ వచ్చి తాగిపోతున్నది.
దించాల్నా, ఉండనియ్యాల్నా?"